చదువులో తడబడే పిల్లలకు ముందు ఏ సాయం: తరగతి గదా, ట్యూషనా, భవిత కేంద్రమా, డాక్టరా?

రెండో తరగతి పిల్ల తెలుగు పాఠం గడగడా అప్పజెబుతుంది. అదే పాఠంలో ఐదో వాక్యం మీద వేలు పెట్టి ఇక్కణ్నుంచి చదవమంటే నోరు పెగలదు. పాఠం చెవులతో నేర్చుకుంది, కళ్లతో కాదు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చాలాసార్లు అర్ధ సంవత్సర పరీక్షల దాకా తెలియదు. తెలిశాక తలో మాటా చెబుతారు: ట్యూషన్ పెట్టించండి, స్కూలు మార్చండి, మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టండి, డాక్టరుకు చూపించండి, ఇంకో ఏడాది ఆగితే దానంతటదే వస్తుంది.

వీటిలో చివరిది తప్ప మిగతా అన్నిటికీ ఏదో ఒక పిల్లవాడి విషయంలో చోటుంది. చిక్కంతా వరుసలోనే. ఒకటి నుంచి మూడో తరగతి వరకు చాలామంది పిల్లలకు మొదట కావాల్సింది బడిలోనే ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొలుచుకుంటూ చేసే సాయం. ఆ వారాల్లో ఏం జరిగిందో రాసి పెట్టిన కాగితం చేతిలో ఉంటేనే తర్వాత ట్యూషనా, ప్రత్యేక ఉపాధ్యాయుడా, పరీక్షలా అన్నది తేలుతుంది. కాగితం లేకుండా పెద్ద ఖర్చుకు దిగితే సగం సార్లు డబ్బు దండగ, ఏమీ చేయకుండా ఆగితే ఏడాది దండగ. ఈ వరుస వర్తించని పిల్లలూ ఉన్నారు. వాళ్ల సంగతి కిందుంది, అది మాత్రం దాటేయకండి.

దారి ఎంచుకునే ముందు ఇరవై నిమిషాలు

ముందు కళ్లు, చెవులు. పిల్లవాణ్ని చివరి బెంచీలో కూర్చోబెట్టి, ఒక్కో కన్ను మూయించి బోర్డు చదివించండి. అక్షరాలు రాకపోతే బోర్డు మీద గీసిన బొమ్మలు చెప్పమనండి. తర్వాత వాడి వెనక చేయి చాచినంత దూరంలో నిలబడి, మీ నోరు కనిపించకుండా గుసగుసగా ‘బంతి, గిన్నె, చేప’ అని పలికి, తిరిగి చెప్పమనండి. ఒక్కో చెవికి విడివిడిగా చేయాలి, రెండో చెవిని వేలితో మూసి ఉంచాలి. తడబడితే కంటి డాక్టరు, ఈఎన్‌టీ డాక్టరు ముందు, తక్కిన మాటలన్నీ తర్వాత. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవిలో నీరు చేరి, వినికిడి ఒక వారం బాగుండి ఇంకో వారం తగ్గుతుంటుంది. ‘వాడికి కావాలంటే వినిపిస్తుంది, వద్దంటే వినిపించదు’ అని విసుక్కునేది తరచూ ఇలాంటి పిల్లల మీదే.

ప్రభుత్వ బడుల్లో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికోసారి పిల్లల్ని చూస్తుంది. ఆ రోజు పిల్లవాడు రాకపోతే మళ్లీ ఏడాదే. వచ్చాడో లేదో హెచ్‌ఎంను అడగండి.

తర్వాత చదువు ఏ మెట్టు మీద ఆగిందో చూడాలి. పిల్లవాడు ఎప్పుడూ చూడని కాగితం మీద ఇవి రాయండి: వరుస కలిపేసిన పది అక్షరాలు, పది గుణింతపు అక్షరాలు, ఒత్తులు లేని పది మాటలు (పలక, గాలి, మేక లాంటివి), ఒత్తులున్న పది మాటలు (అక్క, నవ్వు, పుస్తకం), చివర్లో నాలుగు చిన్న వాక్యాలు. పదింటికి ఎనిమిది వస్తే ఆ మెట్టు దాటినట్టు. ఎక్కడ ఎనిమిది రాలేదో సాయం అక్కడ మొదలవుతుంది, తరగతి పుస్తకంలో నడుస్తున్న పాఠం దగ్గర కాదు.

లెక్కించేటప్పుడు మూడు తేడాలు గుర్తుంచుకోవాలి. ‘వచ్చాడు’ అని ఉంటే పిల్ల ‘వచ్చిండు’ అనో ‘వచ్చినాడు’ అనో చదివితే అది తప్పు కాదు. అర్థం పట్టుకుని తన ఇంటి మాటలో చెప్పింది, అంటే నిజంగా చదివింది. రెండు: డిక్టేషన్‌లో భ బదులు బ, ళ బదులు ల, శ బదులు స రాస్తే కంగారు పడొద్దు. మన మాటల్లోనే ఆ తేడాలు సగం వినపడవు, పిల్లలు విన్నదే రాస్తారు. మూడు: ‘పాట’ను ‘పట’ అని, ‘అమ్మ’ను ‘అమ’ అని, ‘పుస్తకం’ను ‘పుసకం’ అని చదవడం, రాయడం రెండో తరగతి చివరికీ కొనసాగితే మాత్రం దాన్ని పట్టించుకోవాలి. మ-య, ప-వ-ష, న-స లాంటి పోలిక ఉన్న అక్షరాలు కలగాపులగం కావడం ఒకటో తరగతిలో మామూలే, మూడో తరగతిలో కాదు.

ఇంటి భాష మరో సంగతి. గోండీ, కోయ, సవర, బంజారా మాట్లాడే ఇళ్ల పిల్లలు తెలుగు బడిలో మౌనంగా ఉంటే అది బుద్ధి లోపం కాదు, భాష కొత్త. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది ఇందుకే. ఇంగ్లీషు మీడియంలో వేసిన తెలుగు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. సైన్సు ప్రశ్న తెలుగులో అడిగితే జవాబు చెప్పగలుగుతున్నాడా? చెప్పగలిగితే సమస్య సైన్సుదీ కాదు, బుర్రదీ కాదు.

ఎవరు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి

ఇంతకు ముందు వచ్చిన మాటలో, చదువో పోతూ ఉంటే. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలక్కుండా, మళ్లీ ఏమీ జరగనట్టు పని కొనసాగిస్తుంటే (ఇది పరధ్యానం అనుకుంటారు, ఒక రకం మూర్ఛ కావచ్చు, మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలో తెలుస్తుంది). తనను తాను గాయపరచుకుంటే, చచ్చిపోతానంటే. పక్కవాళ్లకు గాయాలు అయ్యేంతగా కొడుతుంటే. కళ్లలోకి చూడకపోవడం, పేరు పిలిస్తే తిరగకపోవడం, అన్న మాటనే పదే పదే అనడం చిన్నప్పటి నుంచీ ఉంటే. ఒంటి మీద చెప్పలేని దెబ్బలు కనిపిస్తే, లేదా ఒక మనిషి పేరు వింటేనే పిల్ల బిగుసుకుపోతే వైద్యంతో పాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా. ఇవేవీ ఆరు వారాల ప్రయోగానికి తగిన విషయాలు కావు.

మొదటి దారి: తరగతిలోనే సాయం

ఖర్చు లేదు, పేరు పడదు, పిల్లవాడు తన స్నేహితుల మధ్యే ఉంటాడు. టీచరు తీరికకు మాత్రం నిజమైన ఖరీదు ఉంది. ముప్పై అయిదు మంది ఉన్న గదిలో, లేదా అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడిలో ‘ప్రత్యేక శ్రద్ధ పెడతాం’ అన్న మాటకు అర్థం ఉండదు. అందుకే వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, ఎంతమంది కలిసి, ఎవరు చెబుతారు అని అడగాలి. మేం సరిపోతుందనేది ఇది: వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్పై నిమిషాలు, ఒకే మెట్టు మీదున్న నలుగురైదుగురు, ముందుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. వాళ్లు ఏ తరగతివాళ్లన్నది చూడక్కర్లేదు. ప్రథమ్ సంస్థ పిల్లల్ని తరగతిని బట్టి కాక చదివే స్థాయిని బట్టి గుంపులు కట్టే పద్ధతికి పేరు తెచ్చింది. తెలంగాణ 2022లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు పట్టుబడాలన్న లక్ష్యంతోనే వచ్చింది. ఇదేదో టీచరు దయతో చేసేది కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లవాడి అభ్యసన స్థాయిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధుల్లో ఒకటి.

ఆ ముప్పై నిమిషాల్లో ఏం చేయాలన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. మొదటి ఐదు నిమిషాలు పుస్తకం లేకుండా శబ్దాలతో ఆట: ‘తామర’ను చప్పట్లతో తా-మ-ర అని విడగొట్టడం, ‘తా’ తీసేస్తే ఏం మిగిలిందో చెప్పించడం, చివరి అక్షరంతో కొత్త మాట కట్టించడం. తర్వాత పది నిమిషాలు ఒకే ఒక్క కొత్త గుర్తు.

ఇక్కడే పాత అలవాటు అడ్డొస్తుంది. క, కా, కి, కీ అని వరుసగా వల్లించిన పిల్లకు విడిగా ‘కె’ చూపిస్తే చెప్పలేదు, మనసులో మొదటి నుంచి పాడుకుంటూ వస్తుంది. పెదవులు కదులుతుంటే అదే. వరుసకు అడ్డంగా వెళ్లండి: ఈ రోజు గుడి ఒక్కటే, పది హల్లులకు. కి, గి, చి, తి, ని, మి, రి... వెంటనే వాటితో మాటలు: గిన్నె వద్దు, ఒత్తుంది; ‘గిలక’, ‘చిలక’, ‘నిమిషం’. రేపు కొమ్ము. రెండు రోజులకోసారి గుడినీ గుడిదీర్ఘాన్నీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పించాలి. ఒత్తులు చివర్లో, అందులోనూ ముందు ద్విత్వాలు (క్క, మ్మ, ల్ల), ఎందుకంటే అవి పై అక్షరం శబ్దాన్నే గట్టిగా పలికిస్తాయి. స్త, ద్య లాంటి సంయుక్తాలు తర్వాత. మిగిలిన పదిహేను నిమిషాల్లో పది చదవడానికి, ఐదు విన్న మాట రాయడానికి. చూచిరాత వద్దు. చూచిరాతలో చెయ్యి పనిచేస్తుంది, చదువు జరగదు.

లెక్కల్లో ఇదే సూత్రం: ఎక్కాలు అప్పజెప్పి, 43లో 4 విలువ చెప్పలేని వాడికి ఎక్కాలు ఆపి, పది పది పుల్లల కట్టలు, విడి చింతగింజలు చేతికివ్వండి. అప్పు తెచ్చి తీసివేయడమంటే ఒక కట్ట విప్పడమేనని చేత్తో చేసి చూస్తే అర్థమవుతుంది.

కొలత శుక్రవారం శుక్రవారం. కింది తరగతి పుస్తకం నుంచి పిల్లవాడు చూడని పేరా తీసుకుని ఒక్క నిమిషం చదివించి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టాలి. తరగతిలో మధ్యరకంగా చదివే ముగ్గుర్ని అదే పేరా చదివించి, మధ్య సంఖ్యను పక్కన రాయాలి. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలను లక్ష్యంగా పెట్టింది. తెలుగులో ‘పుస్తకాలన్నింటినీ’ అన్నది ఒక్క మాటే కాబట్టి ఆ అంకెను తలకెక్కించుకోకుండా పక్క పిల్లలతో పోల్చడం మేలు. ఉదాహరణకు తరగతి మధ్య సంఖ్య 40 నుంచి 46కు పెరిగిందనుకోండి. మన పిల్లవాడు 10 నుంచి 24కు వస్తే తేడా 30 నుంచి 22కు దిగింది, సాయం పనిచేస్తోంది, కొనసాగించండి. 10 నుంచి 14కే వస్తే తేడా 32కు పెరిగింది. ‘మెరుగుపడ్డాడు’ అని చెప్పుకోవచ్చు, కానీ దారి మార్చాల్సిన సమయం వచ్చింది.

మార్చే ముందు ఒక్క ప్రశ్న: అనుకున్న పిరియడ్లలో ఎన్ని నిజంగా జరిగాయి? ముప్పై రెండింటిలో పద్నాలుగే జరిగితే పనిచేయనిది పద్ధతి కాదు, టైంటేబుల్. పిల్లవాడి హాజరు కూడా చూడాలి.

రెండో దారి: ట్యూషన్

జబ్బు చేసి రెండు నెలలు బడి మానేసిన పిల్ల, కర్నూలు, పాలమూరు పల్లెల నుంచి తల్లిదండ్రులతో వలస వెళ్లొచ్చిన పిల్లవాడు, మీడియం మారినవాడు: వీళ్లకు ట్యూషన్ బాగా పనికొస్తుంది. పునాది ఉంది, మధ్యలో కొన్ని ఇటుకలు లేవు. అవి పెడితే చాలు.

పునాదే లేని పిల్లకు మామూలు ట్యూషన్ ఏం చేస్తుందంటే, హోంవర్కు పూర్తి చేయిస్తుంది. ఇరవై మంది పిల్లల మధ్య ట్యూషన్ చెప్పే అక్క రాసింది చూసి దించుతుంది, డైరీలో ఎర్ర సిరా తగ్గుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చదవడం మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది, ఇంకో రెండేళ్లు ఎవరికీ తెలియదు. ట్యూషనే దిక్కయితే ఆ అక్కతోనో సారుతోనో ముందే చెప్పండి: ఇంత డబ్బు హోంవర్కుకు కాదు, రోజూ అరగంట పిల్ల ఆగిన మెట్టు దగ్గర చెప్పడానికి. హోంవర్కు సగం మిగిలిపోయినా ఫర్వాలేదని బడి టీచరుకూ తెలియజేయాలి. సొంత బడి టీచరు దగ్గరే ట్యూషన్ పెట్టించడం చట్టరీత్యా కుదరదు, విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్ల ప్రైవేటు ట్యూషన్లను నిషేధించింది.

ఆరేళ్ల పిల్లకు బడి తర్వాత రెండు గంటల ట్యూషన్ పెడితే పోయేది నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్ల మర్నాడు తూగదు, పెద్దల్లా కాదు, ఇంకా గెంతుతుంది, చిరాకు పడుతుంది. అప్పుడు దాన్ని ‘అల్లరి’ ఖాతాలో రాస్తారు.

మూడో దారి: భవిత కేంద్రం, ప్రత్యేక ఉపాధ్యాయుడు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిలో ఐఈఆర్‌పీలని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, వినికిడి లోపం ఉన్నవాళ్లు వీటిని ఎక్కువగా వాడుకుంటారు. బడికి రాలేని పిల్లల ఇంటికి వెళ్లి చెప్పడమూ ఐఈఆర్‌పీల పనే. అర్హత ఉన్న పిల్లలకు ప్రయాణ, ఎస్కార్ట్ భత్యాల్లాంటివి, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ సమగ్ర శిక్షలో ఉన్నాయి. అడగనివాళ్లకు ఇవి చేరడం తక్కువ.

చూడటానికి మామూలుగా ఉండి, మాటకారి అయి, చదవడం ఒక్కటే రాని పిల్లవాణ్ని చాలామంది భవిత దాకా తీసుకెళ్లరు, ‘అది వికలాంగుల బడి కదా’ అని. నేరుగా అక్కడ చేర్పించక్కర్లేదు. ఐఈఆర్‌పీని మీ బడికి పిలిపించి పిల్లవాణ్ని చూపించి, టీచరు ఏం మార్చాలో రాయించుకోవచ్చు. దీనికి హెచ్‌ఎం ద్వారా మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఒక్క ఉత్తరం చాలు. ఒక మండలానికి ఉండేది ఒకరిద్దరే కాబట్టి వారం వారం వస్తారని ఆశపడకండి. వాళ్లు చెప్పిన పని రోజూ చేసేది తరగతి టీచరే. ఎనిమిది వారాల కాగితం చూపిస్తే వాళ్ల పనీ సగం తగ్గుతుంది.

పట్నాల్లో ప్రైవేటు ప్రత్యేక ఉపాధ్యాయులు గంట లెక్కన తీసుకుంటారు. డబ్బు కట్టే ముందు భారత పునరావాస మండలి నమోదు, అంటే ఆర్‌సీఐ వారి సీఆర్‌ఆర్ నంబరు అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర ఆగొద్దు. వారానికి రెండు గంటల థెరపీ కన్నా రోజూ ఇరవై నిమిషాల సాధన పిల్లవాణ్ని ముందుకు తీసుకెళ్తుంది. ఇంటి సాధన రాసివ్వని థెరపీ సెంటరు ఎంత చల్లగా, ఎంత రంగురంగుల బొమ్మలతో ఉన్నా మేం సిఫారసు చేయం.

నాలుగో దారి: నిపుణుల పరీక్షలు, ధ్రువపత్రం

బడిలో సాయం నిజంగా జరిగి, కొలతలో తేడా తగ్గకపోతే ఇక ఆగొద్దు. జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అని పిలిచే పిల్లల సత్వర చికిత్సా కేంద్రాలు, సికింద్రాబాద్ బోయినపల్లిలో బుద్ధి ఎదుగుదల లోపాలపై పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు ప్రభుత్వ దారులు. ప్రైవేటులో అయితే ఆర్‌సీఐ నమోదున్న క్లినికల్ సైకాలజిస్టు. పరీక్ష ఒక్క పూటలో తేలదు. తెలివితేటల పరీక్ష ఒకటి, చదవడం-రాయడం-లెక్కల పరీక్ష ఇంకొకటి, మధ్యలో పిల్లవాడికి విశ్రాంతి. ఏ భాషలో పరీక్షించారో అడగండి. తెలుగు మీడియం పిల్లకు ఇంగ్లీషు పేరాలిచ్చి డిస్లెక్సియా (చదవడం పట్టుబడని లోపం) తేల్చితే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు. రిపోర్టులో అంకెలతో పాటు టీచరు రేపు ఏం చేయాలన్నది లేకపోయినా అది సగం రిపోర్టే.

వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివిని, పై చదువుల దారిని చెబుతామనే పరీక్షలు కొన్ని ప్రైవేటు బడుల్లో అమ్ముతారు. వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. జ్ఞాపకశక్తి టానిక్‌ల సంగతీ అంతే.

2016 వికలాంగుల హక్కుల చట్టం పాత ఏడు రకాలను 21కి పెంచింది, అందులో నిర్దిష్ట అభ్యసన లోపం (డిస్లెక్సియా లాంటిది), ఆటిజం ఉన్నాయి. అభ్యసన లోపానికి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండితేనే ధ్రువపత్రం ఇస్తారు, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షిస్తారు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: ‘ఎనిమిదేళ్లు వచ్చాక రండి’ అంటే అప్పటిదాకా ఏమీ చేయొద్దని అర్థం చేసుకుంటారు. ఎనిమిదేళ్లు కాగితానికే, సాయానికి కాదు. ఆరేళ్లప్పుడు మొదలుపెట్టిన పిల్లల్లో కొందరికి ఎనిమిదేళ్లకు ఆ కాగితం అవసరమే రాదు.

కాగితం ఎందుకంటే పెద్ద పరీక్షల కోసం. సీబీఎస్‌ఈ గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, కావాలంటే రాసిపెట్టే మనిషిని ఇస్తుంది. రాష్ట్ర బోర్డుకు రాయితీల దరఖాస్తు పదో తరగతి ఫీజు కట్టే రోజుల్లోనే బడి ద్వారా వెళ్లాలి, హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే పనవదు. చాలా ప్రభుత్వ పథకాలకు లోపం 40 శాతం ఉండాలి. మూడో తరగతి పిల్లకు ఈ కాగితం వల్ల చదవడం రాదు, అది గుర్తుంచుకుని దాని వెంట పడండి.

అదే క్లాసు మళ్లీ, లేదా స్కూలు మార్పు

అందరికీ ముందు తోచేది ఇదే, మేం చివర పెట్టేదీ ఇదే. పోయినేడు అర్థం కాని పాఠం, అదే టీచరు, అదే పద్ధతి. మారేది పక్కన కూర్చునే పిల్లలే, వాళ్లూ చిన్నవాళ్లు. విద్యాహక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ప్రభుత్వాలు 5, 8 తరగతుల్లో మాత్రమే, అదీ రెండు నెలల్లో ఇంకో అవకాశం ఇచ్చాకే ఆపగలవు. మిగతా ప్రాథమిక తరగతుల్లో ఆపడానికి లేదు. ‘మీరే రాసివ్వండి, ఆపుతాం’ అని బడి అడిగితే, వచ్చే ఏడాది ఏం వేరుగా చేస్తారో ముందు వాళ్లను రాసివ్వమనండి.

ఒక మినహాయింపు ఉంది. వయసు నిండకుండా తొందరపడి వేసిన పిల్ల. జాతీయ విద్యా విధానం 2020 ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. ఐదేళ్లకే ఒకటో తరగతిలో కూర్చున్న పిల్ల పక్కన ఆరున్నరేళ్ల పిల్ల ఉంటే, కుదురు లేనిదిగా కనిపించేది చిన్నదే. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేని, దృష్టి నిలపలేని సమస్య) ముద్ర ఎక్కువగా పడుతుందని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. అలాంటి పిల్లను యూకేజీలో ఇంకో ఏడాది ఉంచడంలో న్యాయం ఉంది.

స్కూలు మార్పు రెండు సందర్భాల్లో సరైనదే: కొడుతుంటే, అవమానిస్తుంటే (ఈ రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం), లేదా కొలతలు చూపించినా బడి కదలకపోతే. ఆ రెండూ కానప్పుడు కొత్త బడిలో మొదటి మూడు నెలలూ పిల్లను అర్థం చేసుకోవడానికే పోతాయి.

అల్లరి, మొండితనం ఉంటే

ముందు ఐదు బడి రోజులు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి రాయండి: అంతకు ముందు ఏం జరుగుతోంది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. టైము కూడా. వారం చివర ఏదో ఒక తీరు బయటపడుతుంది. చాలాసార్లు అల్లరంతా రాత పని పిరియడ్లోనే ఉంటుంది, ఆటల పిరియడ్లో ఒక్కటీ ఉండదు. అంటే చేతకాని పని నుంచి తప్పించుకుంటున్నాడు. వాణ్ని బయట నిలబెట్టారనుకోండి, వాడికి అది శిక్ష కాదు, బహుమతి; రేపు ఇంకాస్త తొందరగా మొదలుపెడతాడు. ఇలాంటి వాడికి కావాల్సింది పై పేరాల్లోని చదువు సాయమే.

తీరు అన్ని పిరియడ్లలోనూ ఒకేలా ఉంటే తరగతిలో చేయదగ్గవి: కిటికీకి, గుమ్మానికి దూరంగా ముందు బెంచీ, ఒకసారికి ఒకే మాట చెప్పడం (‘పుస్తకం తీసి, 32వ పేజీ తిప్పి, మూడో లెక్క రాయి’ అన్నది మూడు పనులు), పావుగంటకోసారి రిజిస్టరు తెమ్మనో, బోర్డు తుడవమనో కదిలించడం. వీటితో పాటు రోజు కార్డు. కార్డు మీద రెండు మూడు పనులే ఉండాలి, అవీ కంటికి కనిపించేవి: ‘మంచిగా ఉండాలి’ కాదు, ‘చేయి ఎత్తి మాట్లాడాలి’. ప్రతి పిరియడ్ చివర టీచరు టిక్కు పెడతారు. మొదటి వారం సగానికి పైగా టిక్కులొస్తే చాలని పెట్టండి, గెలుపు రుచి చూశాక పెంచండి. బహుమతి ఆ సాయంత్రమే ఇంట్లో: పదిహేను నిమిషాలు నాన్నతో క్రికెట్, రాత్రి కూర ఏమిటో తానే చెప్పడం. ఆదివారం దాకా ఆగే బహుమతి ఆరేళ్లవాడికి లేనట్టే.

కార్డు పాడయ్యేది దాదాపు ఎప్పుడూ పెద్దల వల్లే. నాలుగో రోజు టీచరు టిక్కు పెట్టడం మరిచిపోతారు. లేదా టిక్కు రాలేదని ఇంట్లో తిడతారు, మర్నాడు కార్డు దారిలోనే పోతుంది. ఇంకొకటి: అల్లరిని పట్టించుకోవడం మానేసిన మొదటి వారంలో అది తగ్గకపోగా పెరుగుతుంది. అప్పుడే ఆపేస్తే ‘ఇంకా గట్టిగా చేస్తే పట్టించుకుంటారు’ అని నేర్పినట్టవుతుంది.

నాలుగు వారాలు సరిగ్గా నడిపినా మార్పు లేకపోతే పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, ఆరు నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ ఉండాలి. పది నిమిషాలు చూసి బడి నుంచి ఒక్క ముక్కా అడగకుండా మందు రాసేవాళ్ల దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. ఆరేళ్ల లోపు పిల్లలకు మొదట తల్లిదండ్రులకు శిక్షణ, తర్వాతే మందు ఆలోచన. పెద్ద పిల్లల్లో మందు అవసరమని తేలితే మాత్రం భయపడి దాచేయడం తగదు. మందు పిల్లవాణ్ని కుదురుగా కూర్చోబెట్టగలదు, ఒత్తులు నేర్పలేదు. రోజూ అరగంట పని అప్పుడూ నడవాల్సిందే.

సాయం ఎప్పుడు ఆపాలి

తేడా సగానికి తగ్గాక ఒక్కసారిగా ఆపొద్దు. నాలుగు రోజుల్ని రెండుకు దించి నెల రోజులు శుక్రవారం కొలత కొనసాగించండి. అంకె నిలబడితే ఆపండి, జారితే మళ్లీ నాలుగు. జూన్‌లో తరగతి, టీచరు మారతారు కాబట్టి ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చేలోపే కొలతల కాగితం నకలొకటి ఇంటికి తెచ్చుకోండి, కొత్త టీచరుకు మొదటి వారంలోనే ఇవ్వండి. లేకపోతే ఆగస్టులో కథ మళ్లీ ‘అ’ దగ్గర మొదలవుతుంది. వేసవి సెలవుల్లో రోజుకు పది నిమిషాలు, ఉదయం ఎండ ముదరకముందు, పిల్ల దాటిన మెట్టు మీద పుస్తకాలే చదివించండి. కొత్తవి నేర్పే కాలం కాదది, వచ్చింది జారిపోకుండా చూసే కాలం.